రేగులదిన్నె జానెడు వినాయకుడు

రేగులదిన్నె గానుగ వీధిలో శ్రీ జానెడు వినాయకస్వామి వారు రెండిళ్ళ ఉమ్మడి గోడలో కొలువై ఉన్నారు. స్వామివారి ముఖం పడమటింట, వీపు తూర్పింట దర్శనమిస్తాయి. ప్రదక్షిణ రెండు వంటిళ్ళ గుండా సాగుతుంది గనుక భక్తులు కాళ్ళు కడుక్కుని రావలసిందిగా మనవి.

పూర్వం ఇక్కడ పడమటింట గానుగ ఆడించే గవరయ్య, తూర్పింట కంసాలి వీరబ్రహ్మాచారి నివసించేవారు. గవరయ్య కూతురు సింహాద్రమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఉన్న ఒక్క గదీ నూనె కుండలతో నిండి ఉంది. అందుకని గవరయ్య గోడ పక్కన మరో గది తలపెట్టి, దూలాలు ఆనించుకుంటానని ఆచారిని అడిగాడు. ఆచారి మంచివాడు. గోడలోకి జానెడు దించుకొమ్మన్నాడు.

ఎవరి జానో ఇద్దరూ అనుకోలేదు. ఆచారివి ముక్కుపుడకలు చేసే చేతులు. గవరయ్యవి గానుగ రోకలి ఎత్తే చేతులు. గవరయ్య తన జానతో కొలిచి తొలిచేసరికి దూలం కొన ఆచారి వంటింట్లోకి పొడుచుకు వచ్చింది. అన్నం తిని లేవబోయిన ఆచారి నెత్తికి అది తగిలింది.

"జానెడన్నాను గదయ్యా" అన్నాడు ఆచారి, నెత్తి తడుముకుంటూ.

"ఇది జానే గదా ఆచారి గారూ, చూసుకోండి" అని గవరయ్య చెయ్యి చాపాడు.

పని ఆగిపోయింది. సింహాద్రమ్మకు నెలలు నిండాయి, మబ్బులు కమ్ముకొస్తున్నాయి. కప్పు లేని గదిని చూసి ఆ పిల్ల కంటతడి పెట్టుకునేది. పెద్దమనుషులిద్దరూ మాత్రం ఎవరి అరుగు మీద వారు మొహాలు ముడుచుకుని కూర్చున్నారు.

ఒక మధ్యాహ్నం భోజనానంతరం కునుకులో ఇద్దరికీ ఒకే కల వచ్చింది. "మీ ఇద్దరి మధ్య ఇరుక్కుపోయాను. దూలం నా బొజ్జకు గుచ్చుకుంటోంది. గది ఎవరికోసమో వారి జానతో కొలవండి" అని స్వామి సెలవిచ్చారు. చెరోవైపు నుంచీ గోడ తొలిస్తే దూలం పక్కనే రాతి విగ్రహం బయటపడింది. సింహాద్రమ్మ ఆయాసపడుతూ వచ్చి జాన పెట్టింది. స్వామి సరిగ్గా జానెడున్నారు, ఆచారి జానకు ఎక్కువ, గవరయ్య జానకు తక్కువ.

ఆచారికి సిగ్గేసింది. తానే రంపం తెచ్చి, ఆ జానకు మించిన దూలం కోసేశాడు. మూడో రోజున గదికి కప్పు పడింది, నాలుగో రోజున వాన పడింది, ఐదో రోజున ఆడపిల్ల పుట్టింది. కోసిన ముక్కతో ఆచారి ఆ పిల్లకు గిలక్కాయ చేశాడు.

నేటికీ ఈ ప్రాంతంలో ఇల్లు పెంచదలచినవారు పక్కింటివారిని వెంటబెట్టుకుని వస్తారు. ఒంటరిగా వచ్చినవారికి తీర్థం ఇవ్వబడదు. గది ఎవరికోసమో వారు స్వామికి జాన పెట్టి, కొలతగా అంత పొడవు దారం ఇరుగుపొరుగు ఇరువురికీ చెరొకటి ఇస్తారు. అలా కట్టిన గోడ బీటలు వారదనీ, తోడుకు మజ్జిగ అడిగితే పక్కింటివారు లేదనరనీ విశ్వాసం. సన్నిధిలోనే మాటామాటా పెరిగితే అర్చకులు ఆ గిలక్కాయను ఊపుతారు. అది విని ఇంతవరకు నోరు మూయని పెద్దమనిషి లేడు.