ఎత్తిన చెయ్యి

పేరిశాస్త్రి గారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆయన దగ్గర వీణ నేర్చుకునే వాళ్లందరికీ ఇది తెలిసిందే. అయినా నరహరి ఆ రోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, మా మాణిక్యం మూడో ఏట నుంచే బొమ్మలకు స్నానం చేయిస్తూ, జడ వేయించుకుంటూ, ఊరికే పాడుతుండేది. ఆ గొంతు చూసే పాఠం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆరేళ్లొచ్చాయి. పాఠంలో తప్ప కూనిరాగమైనా తీయడం లేదండీ. ఉన్న విద్య కాస్తా పోతుందేమోనని భయంగా ఉంది. ఇంకో గంట కూర్చోబెట్టమంటారా?"

కొడుతున్నావా అని ఆయన అడగనే లేదు. ఇతనే చెప్పుకొచ్చాడు. "చెయ్యెత్తడమే గానీ, రెండుసార్లకు మించి కొట్టలేదండీ." అదేదో ఘనకార్యమైనట్టు!

శాస్త్రిగారు, తండ్రి వెంట వచ్చి గోడకు అతుక్కుని కూర్చున్న పిల్లను ఒకసారి చూశారు. కొత్త తీగ వేసిన వీణను నరహరి ముందుకు జరిపారు. "దీన్ని శ్రుతి చెయ్యి."

నరహరి తీగ బిగించే బిరడా తిప్పాడు. శ్రుతి కుదిరింది. "ఇంకొంచెం" అన్నారాయన. తిప్పాడు. "చాలదు." మళ్లీ తిప్పాడు. ఆ మోత విని మాణిక్యం మెల్లగా పాక్కుంటూ వచ్చి, సరిగ్గా బిరడా పక్కనే మొహం పెట్టి చూస్తోంది. తీగ తెగితే తగిలేది పిల్ల కంటికే.

"తెగుతుందండీ!"

"తిప్పవయ్యా."

గురువు మాట కాదనలేక ఇంకాస్త తిప్పాడు. తీగ కీచుమంది. అంతే, బిరడా వదిలేసి, పిల్ల మొహానికి అడ్డం పెట్టబోయి గబుక్కున చెయ్యెత్తాడు.

తీగ తెగలేదు. మాణిక్యం మాత్రం కళ్లు గట్టిగా మూసుకుంది. భుజాలు ముడుచుకుని, తొడ మీద తాళం వేస్తూ, ఎవరో తరుముతున్నట్టు సరళీ స్వరాలు మొదలుపెట్టింది. పాడమని ఎవరూ అనలేదు. ఒక్క స్వరమూ తప్పలేదు. నరహరి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. 'నిన్ను కొట్టడానికి కాదమ్మా' అనబోయాడు. తన పిల్లను చూసి తనకే భయం వేసింది.

శాస్త్రిగారు వంగి, బిరడాను మెల్లగా వెనక్కి తిప్పారు.

"విద్య ఎక్కడికీ పోలేదు నరహరీ. నువ్వు నేర్పింది పిల్లకు బాగానే పట్టుబడింది."