వజ్రమ్మ చేట ఆపిన పుస్తకం

మిరపతోటల మధ్య ఉన్న గుండ్లవరం బడిలో పరాంకుశం మాస్టారని ఒక ప్రధానోపాధ్యాయుడు ఉండేవారు. మనసు వెన్నే కానీ, పుస్తకం మంచిదో కాదో దాని లావును బట్టి తేల్చేసే అలవాటు ఒకటి ఆయనకుండేది.

ఒక ఏడు పై అధికారుల దగ్గర నుంచి కబురొచ్చింది. బడికి వంద పుస్తకాలు ఇస్తాం, ఏవి కావాలో మీరే రాసి పంపండి అని. మాస్టారు రెండు రోజులు అన్నం కూడా సరిగా తినకుండా జాబితా తయారుచేశారు. ఒక్కొక్కటీ ఇటుకంత పుస్తకం. వాటిలో నీతి ఉంది, విజ్ఞానం ఉంది, మహనీయుల జీవితాలున్నాయి. బొమ్మలు మాత్రం మచ్చుకైనా లేవు. "పంచదార ఎక్కువ పెడితే పిల్లల పళ్ళు పుచ్చుతాయి. బొమ్మల పుస్తకాలిస్తే బుర్రలు పుచ్చుతాయి" అనేవారు ఆయన.

పుస్తకాలొచ్చాయి. పెట్టె అడుగున జాబితాలో లేని సన్నపాటి బొమ్మల పుస్తకాలు పన్నెండు కనిపించాయి. సర్దేవాళ్ళెవరో పొరపాటున వేసి ఉంటారు. మాస్టారు వాటిలో ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశారు. "ఇవి బడిలో పెట్టేవి కావు" అని, బియ్యం మూటలుండే గదిలో పెట్టించేశారు.

ఆ గది తాళం వజ్రమ్మ దగ్గర ఉండేది. బడిపిల్లలకి మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. ఆమెకి అక్షరం ముక్క రాదు. కానీ ఆమె చేతి అన్నంలో రాయి తగిలిందని పదకొండేళ్ళలో ఒక్కరూ అనలేదు. రోజూ పొద్దున్నే వరండాలో కూర్చుని, చేట ముందేసుకుని, గింజ గింజా చూసి ఏరేది. ఎవరూ చూడని పనిని అంత శ్రద్ధగా చేసేవాళ్ళంటే నాకెప్పుడూ గౌరవమే.

అదే వరండాలో అంకాలు కూర్చునేది. అంకాలు ఐదో తరగతి చదువుతున్న పిల్ల. చదువుతున్నదని పేరే కానీ, చదవమంటే ప్రతి అక్షరం దగ్గరా బండి దిగబడేది. చదవడం రానివాళ్ళు బడి మొదలవకముందే వచ్చి, వరండాలో కూర్చుని పైకి చదువుకోవాలని మాస్టారి నియమం. ఆ ఏడు ఆ నియమానికి దొరికింది ఆ పిల్ల ఒక్కతే. ఇంతలో వాళ్ళ నాన్న పిచ్చయ్య బడికొచ్చి ఖరాఖండిగా చెప్పేశాడు.

"మాస్టారూ, నేనూ ఐదేళ్ళు బడికొచ్చినోణ్ణే. ఏమొచ్చింది? సంతకం ఒకటొచ్చింది. శివరాత్రి దాకా చూస్తా. అప్పటికీ పిల్లకి చదవడం రాకపోతే మిరపకోతలకి తీసకపోతా. చదవలేనిదానికి ఆరో తరగతెందుకు, రోజూ బస్సెక్కి పక్కూరు పోవడమెందుకు?"

మాస్టారికి బెంగ పట్టుకుంది. అంకాలంటే ఆయనకి ఎంతో అభిమానం. అందుకని ఏం చేశారు? ఉన్నవాటిలోకెల్లా లావైన పుస్తకం తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టారు. ప్రేమ ఎక్కువైతే వడ్డన ఎక్కువవుతుంది మరి.

అంకాలు రోజూ వచ్చి చదివేది. "స... త్ప్ర... వ... ర్త... న" అనేసరికి నుదుటి మీద చెమట పట్టేది. వజ్రమ్మ పక్కనే కూర్చుని బియ్యం ఏరుకునేది. నెల రోజులు గడిచాయి. ఒక పొద్దున ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ఏందమ్మా అది?"

"తెలవదత్తా."

"తెలవకుండా ఎందుకు చదవతన్నావు?"

"సారిచ్చాడు."

వజ్రమ్మ చేటలోకి చూసుకుంది. "ఒక మాట చెప్తా విను. నువ్వా పుస్తకం మొదలెట్టినకాణ్ణించీ నా బియ్యం అద్దంలా వస్తన్నయ్. ఒక్క రాయి కూడా తప్పించుకోవడంలా. అంటే ఏందీ? నా చెవికి పనే లేదు. చేస్తన్న చెయ్యి ఆగకపోతే అదేం కథే? ఉండు, వస్తా."

ఆమె గదిలోకి వెళ్ళి ఒక సన్నపాటి పుస్తకం తెచ్చింది. అట్ట మీద ఒక మేక, బస్సు మెట్ల మీద ముందుకాళ్ళు పెట్టి దర్జాగా లోపలికి చూస్తోంది. అంకాలు ఫక్కున నవ్వింది. మొదటి పేజీ తిప్పింది.

"మేక బస్సెక్కింది" అని చదివింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగలేదని తనకే ఆశ్చర్యమేసి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. "మేక బస్సెక్కింది. కండక్టరు టికెట్టు అడిగాడు. మేక టికెట్ల కట్ట నమిలింది."

"అమ్మో! తర్వాత?" అంది వజ్రమ్మ.

"ఉండత్తా, చదవతన్నాగా!"

తర్వాతి పేజీలో అంకాలు నాలుగైదు చోట్ల తడబడింది. కానీ మేక ఏమైందో తెలియాలి కదా! అందుకని తడబడ్డ ప్రతిచోటా తనే లేచి ముందుకు నడిచింది. వజ్రమ్మ ఒళ్ళో చేట అలాగే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం పరాంకుశం మాస్టారు పిల్లలతో పాటు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. కటుక్కుమంది. మూడో ముద్దకి మళ్ళీ కటుక్కు. పిల్లలందరూ తలలెత్తి చూశారు. పదకొండేళ్ళలో ఆ బడి వినని చప్పుడది. మర్నాడూ అంతే అయింది. మాస్టారు దవడ పట్టుకుని, "వజ్రమ్మకి చూపు మందగించిందేమో, పాపం" అనుకున్నారు. మూడోనాడు సంగతేమిటో చూద్దామని అందరికంటే ముందే వచ్చి, తరగతి గది తలుపు వెనక నిలబడ్డారు.

అంకాలు చదువుతోంది. ఆ పిల్ల చేతిలో ఆయన పక్కన పెట్టించిన బొమ్మల పుస్తకం! మాస్టారికి చర్రున కోపమొచ్చింది. బయటికి వెళ్ళి గట్టిగా కేకలేద్దామనుకున్నారు. అప్పుడే అంకాలు, "తర్వాతి స్టాపులో తనిఖీ అధికారి బస్సెక్కాడు" అని చదివింది.

ఈ ఒక్క వాక్యం విని వెళ్దాంలే అనుకున్నారు మాస్టారు. ఆ వాక్యం తర్వాత ఇంకో వాక్యం వచ్చింది. అధికారి అందరినీ టికెట్టు చూపించమన్నాడు. అందరి టికెట్లూ మేక పొట్టలో ఉన్నాయి. మాస్టారు తలుపుకి చెవి ఆనించి నిలబడిపోయారు. కొంతసేపటికి గానీ ఆయనకి ఇంకో సంగతి తట్టలేదు. ఆ చదువుతున్న పిల్ల అంకాలు. చదవడం రాని అంకాలు.

"సార్! టైమైపోయింది, బడి గంట కొట్టలేదు!" అని పిల్లలు గుంపుగా వచ్చి తలుపు లాగారు. మాస్టారు దొరికిపోయారు.

వజ్రమ్మ గాభరాగా లేచి నిలబడింది. "రాళ్ళ సంగతి నాదే తప్పు సారూ. పుస్తకం తీసిందీ నేనే. పిల్లనేమీ అనమాకండి."

"నీ చెయ్యి ఆగితే రాళ్ళొచ్చాయి, నాకు అన్నం సరిగా దిగలేదు. ఇవాళ నా చెయ్యి ఆగింది, బడే మొదలవలేదు. ఇక నిన్నేమనను?" అన్నారు మాస్టారు. "వజ్రమ్మా, ముప్పై ఏళ్ళ నుంచి పుస్తకాలు చదువుతున్నాను. పిల్లలు చదువుతుంటే వినాలని మాత్రం నాకు తోచలేదు. ఆ తాళం ఇలా ఇవ్వు."

ఆయనే వెళ్ళి మిగతా పదకొండు పుస్తకాలూ తెచ్చి, వరండాలో చాప మీద పరిచారు. మర్నాటి నుంచి పిల్లలూ మాస్టారూ కలిసి ముందు బియ్యం ఏరేవారు, ఆ తర్వాతే చదువు. తప్పు ఒప్పుకోవడం చిన్నతనమనుకునే పెద్దలున్న లోకంలో, పరాంకుశం మాస్టారు నిజంగా పెద్దమనిషి.

శివరాత్రి దగ్గర పడింది. పండగ ముందురోజు పొద్దున్నే పిచ్చయ్య వచ్చాడు. మిరపకోతలకి వెళ్ళేవాళ్ళతో ఆటో గేటు దగ్గర ఆగి ఉంది. అంకాలు అప్పటికి పన్నెండు పుస్తకాలూ పూర్తిచేసింది. నాన్న కోసం మాత్రం మేక పుస్తకమే తీసింది. ఒకసారి వజ్రమ్మ వైపు చూసి, చదవడం మొదలుపెట్టింది.

పిచ్చయ్య ముందు నిలబడి విన్నాడు. టికెట్లు నమిలిన చోట గొంతుక్కూర్చున్నాడు. తనిఖీ అధికారి ఎక్కేసరికి తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గేటు దగ్గర ఆటో హారన్ మోగింది. "పిచ్చయ్యా! పిల్లని తీసుకుని రావయ్యా, ఎండెక్కుతోంది!" అని అరిచారు.

"ఉండవయ్యా!" అని పిచ్చయ్య అంతకంటే గట్టిగా అరిచాడు. "ఆ మేకని బస్సులోంచి దించారో లేదో విననీ!"

చివరి పేజీ అయిపోయింది. పిచ్చయ్య ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "నేను బడికొచ్చే రోజుల్లో ఇది యాడుందమ్మా?" అన్నాడు. కళ్ళు తుడుచుకుని, తలగుడ్డ చుట్టుకుని, ఒక్కడే వెళ్ళి ఆటో ఎక్కాడు.

మరుసటి ఏడు మళ్ళీ జాబితా అడిగారు. మాస్టారు నమూనా పుస్తకాలు తెప్పించి, పిల్లల చేత మొదటి పేజీలు చదివించారు. ఎదురుగా వజ్రమ్మ చేటతో కూర్చుంది. ఆమె చెయ్యి ఆగిన పుస్తకాలన్నీ జాబితాకెక్కాయి. అడుగున 'ఎంపిక చేసినవారు' అన్నచోట మాస్టారు మొదట 'వజ్రమ్మ' అని రాసి, దాని కింద తన పేరు రాసుకున్నారు.

ఆ వారం శనివారం నాడు, పక్కూరి బడి నుంచి బస్సు దిగి అంకాలు వచ్చింది. బడి బీరువాలోంచి ఇటుకలాంటి పుస్తకం ఒకటి తనంతట తనే తీసి, చీమలు పుట్ట కట్టే పద్ధతి గురించి గడగడా చదివింది. వజ్రమ్మ చెయ్యి ఆగిపోయింది. అది చూసి అందరికంటే ఎక్కువ సంతోషించింది పరాంకుశం మాస్టారే.

పిల్లలకి పుస్తకం ఎంచేటప్పుడు మన గొప్ప చూసుకోకూడదు, వాళ్ళ చేత 'తర్వాత?' అనిపించేదేదో వెతికి ఇవ్వాలి. ఒకసారి చదువు రుచి తగిలితే, ఎంత లావు పుస్తకమైనా వాళ్ళే చెయ్యి చాచి అందుకుంటారు.