కొండని పట్టుకోండ్రా!

అనగనగనగా సముద్రం ఒడ్డున ఒక చేపలపేట. ఇటు జరుగు తల్లీ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఆ... ఆ పేటలో అప్పలకొండ అని ఒక పిల్ల ఉండేది. పేరుకి కొండే గానీ, మనిషి మాత్రం ఎండు మెత్తళ్ళ చేపలా సన్నగా ఉండేది. అందరూ కొండా, కొండా అని పిలిచేవాళ్ళు.

సాయంత్రం అయ్యిందంటే చాలు, ఆ పేటలో మగపిల్లలందరూ తడి ఇసకలోకి చేరి చెడుగుడు ఆడేవాళ్ళు. అదే, మీ బళ్ళో కబడ్డీ అంటారే, అదే. మడమతో గీత గీసేవాళ్ళు. ఒకడు 'చెడుగుడు చెడుగుడు' అని ఊపిరి ఆపకుండా కూత పెడుతూ అవతలివాళ్ళ మీదకి వెళ్ళాలి. ఎవరినైనా ముట్టుకుని గీత దాటి వచ్చేస్తే పాయింటు. వాళ్ళు గట్టిగా పట్టేసుకుని కూత ఆపించేస్తే అవుటు, పాయింటు వాళ్ళకి. అంతే ఆట.

మన కొండకి ఆ ఆటంటే ప్రాణం. కానీ రానివ్వరుగా! అందుకని ఇంట్లోనే కూత పెట్టుకునేది. బిందెతో నీళ్ళు తెస్తూ చెడుగుడు చెడుగుడు. పొయ్యి ఊదుతూ చెడుగుడు చెడుగుడు. వాళ్ళమ్మ తవిటమ్మ చేపల గంప దించి, "ఏటే, కప్పని మింగినావేటే?" అని నవ్వేది.

ఇలా ఉండగా గంగమ్మ పండగ దగ్గరికొచ్చింది. పండక్కి పక్కపేట పిల్లలతో పందెం ఆడాలి. సరిగ్గా అప్పుడే ఈ జట్టులో ఒక పిల్లాడికి గవదబిళ్ళలొచ్చి, దవడ బూరెలా వాచిపోయింది. ఏడుగురు కావాలి, ఆరుగురే మిగిలారు.

అప్పుడు కొండ వాళ్ళన్న పాత నిక్కరు బిగించుకుని గీత దగ్గరికొచ్చి నిలబడింది. "నేనాడతాను" అంది.

జట్టుకి పెద్ద మసేను. బలమైన పిల్లాడులే, మంచివాడే, కాస్త నోరెక్కువ. "నువ్వా? గాలొస్తే సముద్రంలో తేలతావ్, పోవే!" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు.

వాళ్ళకి ఆట నేర్పే పాపయ్య తాత మాత్రం నవ్వలేదు. "ఎందుకురా నవ్వు? ఆడితే తెలుస్తాది. రానియ్యండి" అన్నాడు.

సరే, కొండ కూత పెట్టి వెళ్ళింది. వెళ్తే ఏమైందో తెలుసా? ఒక్కడూ పట్టుకోలేదు! అందరూ చేతులు వెనక్కి కట్టేసుకుని, వేడి పెనం చూసినట్టు పక్కకి జరిగిపోయారు. ఎందుకంటే వాళ్ళ అమ్మలు చిన్నప్పట్నించీ చెప్పారు, ఆడపిల్ల మీద చెయ్యి వెయ్యకూడదురా అని. కొట్టొద్దని చెప్పారమ్మా వాళ్ళు. వీళ్ళేమో ఆటలో కూడా పట్టుకోవద్దని అనుకున్నారు. కొండ ముగ్గుర్ని ముట్టుకుని, గంతులేసుకుంటూ తిరిగొచ్చింది.

"ఇది లెక్కలోకి రాదు. మేమే వదిలేశాం" అన్నాడు మసేను.

ఆ తర్వాత మసేను కూతకొచ్చాడు. కొండని ఒక మూల నిలబెట్టారు. వాడు అందరి మీదకీ దూకుతున్నాడు గానీ, కొండ దగ్గరికొచ్చేసరికి చేలో దిష్టిబొమ్మని తప్పుకున్నట్టు తప్పుకుని పోతున్నాడు. కొండకి ఒళ్ళు మండింది. ఒక్క దూకు దూకి వాడి చీలమండ పట్టేసింది. మసేను ధబేలుమని పడ్డాడు! నోట్లో కూత నోట్లోనే ఆగిపోయింది.

లేచి ఇసక దులుపుకుని ఏమన్నాడో తెలుసా? "ఇదీ లెక్కలోకి రాదు. ఆడపిల్లవని నేను కాలు విదిలించలేదు!"

ముట్టుకున్నా లెక్క లేదు, పడగొట్టినా లెక్క లేదు. ఇంక ఆ పిల్ల ఏం చెయ్యాలి చెప్పు? ఇంటికెళ్ళి అన్నం ముందు ముక్కు చీదుకుంటూ కూర్చుంది. నాకు ఆట కావాలే అమ్మా, జాలి వద్దు అంది.

తవిటమ్మ చేప ముల్లు తీసి, ముద్ద కలిపి నోట్లో పెట్టింది. "నువ్వు ఆడ్డానికెళ్ళావా, ఏడవడానికెళ్ళావా? కావాల్సింది నోరు తెరిచి అడుగు. నాకు చెప్తే నేనొచ్చి పట్టుకుంటానేటి నిన్ను?" అంది. కొండకి ఏడుపులోనే నవ్వొచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే పేటంతా అలివి వల లాగుతున్నారు. అంటే పెద్ద వలని సముద్రంలో చుట్టూ వేసేసి, రెండు పక్కలా తాళ్ళు పట్టుకుని ఒడ్డుకి లాగుతారన్నమాట. మగాళ్ళు, ఆడాళ్ళు, పిల్లలు, ముసిలాళ్ళు అందరూ ఒకే తాడు మీద ఉంటారు. ముందు కొండ ఉంది, వెనక మసేను ఉన్నాడు.

అప్పుడు ఒక పెద్ద అల వచ్చింది. వల లోపలికి గుంజింది. కొండ కాలు జారి నీళ్ళలోకి పోబోయింది. మసేను ఒక్క ఉదుటున కొండ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "మడమ పాతవే, మడమ పాతు!" అని అరిచాడు. ఇద్దరూ కలిసి మళ్ళీ తాడు లాగారు.

వల ఒడ్డుకొచ్చాక కొండ వాడికి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఇందాక నన్ను పట్టుకున్నావు కదా?"

"పట్టుకోకపోతే పోయేదానివి!"

"మరి సాయంత్రం ఎందుకు పట్టుకోవు?"

మసేను బుర్ర గోక్కున్నాడు. "అది ఆటే. నీకు దెబ్బ తగిలితే?"

"తగిలితే నేను చెప్తాను. నాకు నోరు లేదా? నేను ఆగమంటే ఆగు. అప్పటిదాకా పట్టుకో" అంది కొండ. "ఉత్తినే వదిలేస్తే నేను గెలిచినట్టూ కాదు, ఓడినట్టూ కాదు. నేను అక్కడ ఉన్నట్టే కాదు."

చేపలు ఏరుకుంటున్న పాపయ్య తాత ఇదంతా విన్నాడు. "ఒరే, నడుం పట్టండి, మోకాలు పట్టండి, చీలమండ పట్టండి. జుట్టు లాగకూడదు, బట్ట లాగకూడదు. మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా ఇదే చెప్పాను, ఇంకోటి చెప్పానా?" అన్నాడు.

ఆ సాయంత్రం కొండ మళ్ళీ కూతకెళ్ళింది. చెడుగుడు చెడుగుడు చెడుగుడు... మసేను ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత గట్టిగా అరిచాడు.

"కొండని పట్టుకోండ్రా!"

అంతే! ఒకడు నడుం పట్టాడు, ఒకడు మోకాలు పట్టాడు, మసేను చీలమండ పట్టాడు. కొండ గింజుకుంది, పాకింది, గీత వైపు చెయ్యి చాపింది. అందలేదు. ఊపిరి అయిపోయింది. మొహం ఇసకలో కూరుకుపోయింది.

"కొండ అవుట్!" అన్నాడు తాత.

కొండ లేచింది. మోచెయ్యి గీరుకుపోయింది, నోట్లో ఇసక. అయినా పకపకా నవ్వుతోంది! "అవుటైతే నవ్వుతాదేటిరా ఇది?" అని పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళకి అర్థం కాలేదులే. నీకు అర్థమైంది కదూ? అదీ నా బంగారం!

ఇంక రోజూ ఆటే. కొండ పడేది, పడగొట్టేది. మోకాళ్ళకి పసుపు రాసుకుని మళ్ళీ వెళ్ళేది.

పండగ రానే వచ్చింది. పక్కపేట జట్టు దిగింది. వాళ్ళ పెద్ద కొండని చూసి మూతి తిప్పాడు. "ఆడపిల్లతో మేం ఆడం" అన్నాడు.

అప్పుడు మన మసేను ముందుకొచ్చి, "పట్టుకోవడం రాకపోతే చెప్పండ్రా, నేర్పుతాం" అన్నాడు. చూస్తున్నవాళ్ళంతా ఒకటే ఈలలు! వాళ్ళకి రోషం పొడుచుకొచ్చి బరిలోకి దిగారు.

మొదటి కూతలో కొండ ఒకణ్ణి ముట్టుకుని వచ్చింది. తాత పాయింటు అన్నాడు. రెండో కూతలో ఇద్దరు మీదపడ్డా పాములా జారి గీత దాటింది. ఇంకో పాయింటు. ఎవ్వరూ లెక్క కాదనలేదు. తవిటమ్మ అయితే గంప నెత్తి మీదే పెట్టుకుని గెంతుతోంది!

చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానం. ఆఖరి కూత వీళ్ళది. ఎవర్ని పంపాలి? మసేను అటూ ఇటూ చూశాడు. "కొండా, నువ్వెళ్ళు" అన్నాడు.

వెళ్ళింది. ఈసారి వాళ్ళు ఏడుగురూ గొలుసులా చేతులు పట్టుకుని చుట్టేశారు. గట్టిగా పట్టారు, అసలు కదలనివ్వలేదు. కొండ గీతకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

ఏంటీ? ఓడిపోయారా అంటావా? ఆ, ఓడిపోయారు. ఏం, ఓడిపోతే కథ కాదా? విను మరి.

ఇంటికొచ్చే దారంతా మసేను తిట్టుడే తిట్టుడు. "బుద్ధుందా? గొలుసు కనిపించలేదా? మూలకి వెళ్ళమంటే నడిమధ్యకి ఎందుకెళ్ళావే?" అని. ముందు మిగతావాళ్ళని తిట్టాడు, తర్వాత కొండని తిట్టాడు, అందర్నీ ఒకేలా తిట్టాడు. "నువ్వు మాత్రం తక్కువా? మొదటి కూతకే దొరికిపోయావు!" అని కొండ కూడా తగ్గలేదు.

ఆ గవదబిళ్ళల పిల్లాడికి తగ్గిపోయింది. మర్నాడు సాయంత్రం వాడూ ఆటకొచ్చేశాడు. ఇంక నన్నెవరు రమ్మంటారులే అని కొండ పొయ్యి దగ్గర కూర్చుంది. ఇంతలో గుమ్మం బయట నుంచి మసేను అరుపు.

"ఒసే కొండా! నీకోసం అందరం నిలబడిపోయాం, పొద్దు పోతోంది, రావే!"

కొండ ఊదుగొట్టం అక్కడే పడేసి పరిగెత్తింది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో కంటి రెప్పకి పట్టింది.
చెడుగుడు కూత ఆగింది,
చిట్టితల్లి ఒడిలో వాలింది.