చల్లగదిలో తెల్ల గుల్లలు

యజ్ఞనారాయణ మాస్టారిని ప్రశ్న అడగడమంటే లేని పనిని నెత్తిన వేసుకోవడమేనని ఓడ మీద శిష్యులందరికీ తెలుసు. ఆయన జవాబు చెప్పరు, ఏదో ఒక పని అప్పజెప్తారు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాడికి తన ప్రశ్న గుర్తుంటే గొప్పే. బతుకంతా సముద్రజీవుల మీద పాఠాలు చెప్పి, రిటైరయ్యాక కూడా ఓడ దిగలేని మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి, మాట తగ్గింది, ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఇదంతా తెలిసే, ఆయన దగ్గరే చదువుకున్న నూకరత్నం అడిగింది. అడక్కుండా ఊరుకునే ఓపిక కూడా ఆమెకు మిగల్లేదు.

ఓడ అప్పుడు గోదావరి సముద్రంలో కలిసే చోటుకి బాగా దూరంగా, లోతు నీళ్ల మీద ఆగి ఉంది. కింద, వెలుతురు ఎన్నడూ చేరని అడుగున, నేల నెర్రెల్లోంచి మీథేన్ గ్యాసూ, దాంతోపాటు కంపు కొట్టే గంధకపు గ్యాసూ ఊరుతూ ఉంటాయి. అలాంటి చోటికి ఏ ప్రాణీ పోదనుకుంటాం. కెమెరా దించి చూస్తే అక్కడ ఊరికి ఊరే కాపురముంది. తెల్లటి బూజులా పరుచుకున్న సూక్ష్మజీవులు, నోరన్నదే లేని గొట్టం పురుగులు, వాటి సందుల్లో తిరిగే పీతలు, బురదలో గుంపులు గుంపులుగా తెల్లటి గుల్లలు. ఎండ మొహం ఎరగకుండా, ఆ కంపునే నమ్ముకుని బతికేస్తున్నాయి. ఆ పొద్దున ఇనప పెట్టె దించి బురద తోడితే దానితోపాటు కొన్ని గుల్లలు కూడా పైకొచ్చాయి. కుళ్లిన గుడ్ల వాసన ఓడంతా కమ్మేసింది. వంటవాడు విసుక్కుని వంటగది తలుపు మూసేసుకున్నాడు.

నూకరత్నం మాత్రం ముక్కు మూసుకోలేదు. ఆమె పుట్టింది ఎండుచేపల కళ్లం పక్కన. తల్లీతండ్రీ పోయాక, అప్పా అని తను పిలిచే అక్క గురమ్మే ఆమెను పెంచింది. ఆ కళ్లంలో చేపలకు ఉప్పు పట్టించి, ఎండబెట్టి, పొగబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చెల్లెల్ని ఇంత చదువు చదివించింది. ఆ ఉప్పుదుమ్మూ పొగా చివరికి గురమ్మ ఊపిరితిత్తుల్ని తినేశాయి. ఇంకో వానాకాలం అక్కడే ఉంటే మనిషి దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. నూకరత్నం అక్కను తన ఫ్లాటుకు తెచ్చుకుంది. దగ్గు తగ్గింది గానీ దాంతోపాటు తిండీ తగ్గింది, నిద్ర పోయింది. బెంగ చూడలేక తిరిగి కళ్లానికి పంపితే కొద్దిరోజులకే ఆస్పత్రిలో తేలింది. మళ్లీ ఫ్లాటుకే తెచ్చుకుంది. తను ఓడ ఎక్కే ముందు గురమ్మ అన్న మాట నూకరత్నం చెవుల్లో ఇంకా ఉంది.

“నీ ఇంట్లో ఏ వాసనా రాదేటే, నూకీ. ముద్ద ఎలా దిగుద్ది?”

నిన్న పక్కింటావిడ ఓడకు ఫోను చేసింది. మీ అక్క మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడం లేదని, త్వరగా రమ్మని. ఓడ రేవు చేరేలోగా ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. అందుకే మాస్టారి దగ్గరికి వెళ్లింది.

“మా అప్పని నా దగ్గరే ఉంచుకోనా, కళ్లానికి పంపేయనా మాస్టారూ? నాకింక ఓపిక లేదు.”

చివరి మాట నోరు దాటగానే ఆమెకే సిగ్గేసింది. మాస్టారు గుల్లలున్న తొట్టెను చూపించి, ఇవి రేవు దాకా బతకాలని చెప్పి వెళ్లిపోయారు.

ఆమెకు ఒళ్లు మండింది. మనిషి ప్రాణం గురించి అడిగితే గుల్లల్ని చేతిలో పెడతారా అనుకుంటూనే తొట్టెను చల్లగదిలోకి తోసుకెళ్లింది. ఈ గుల్లలు మనం వేసే మేత తినవనీ, మొప్పల్లో కాపురమున్న సూక్ష్మజీవులే వీటిని పోషిస్తాయనీ, వాటికి కావలసింది ఈ బురదలోని కంపేననీ ఆమెకు తెలుసు. తానే కాలేజీ పిల్లలకు పాఠం చెప్పింది. కానీ అలిసిపోయిన చేతులకు పాఠం గుర్తుండదు. బురదంతా కడిగేసి, గుల్లల్ని శుభ్రమైన చల్లటి నీళ్లలో వేసి, గాలిగొట్టం పెట్టింది. మధ్యాహ్నం వచ్చి చూస్తే చావుకు దగ్గరపడ్డట్టు చిప్పలు తెరుచుకుని ఉన్నాయి. వేలితో తడితే మెల్లగా, అయిష్టంగా మూసుకున్నాయి.

తనను తాను తిట్టుకుని బురదంతా తెచ్చి తొట్టెలో పోసింది. గుల్లల్ని పూర్తిగా కప్పెట్టి పైన చేత్తో సర్దింది. వాటి ఇల్లు వాటికిచ్చేశాను, ఇక నన్నొదిలేయండి అనుకుంది. అలా అనుకోగానే ప్రాణం తేలికపడింది కూడా. సాయంత్రం బురద తీసి చూస్తే కొన్ని చచ్చిపోయి ఉన్నాయి. మిగిలినవి బతికున్నాయో లేదో తెలియడం లేదు. నూకరత్నం అక్కడే చల్లటి నేల మీద కూలబడి ఏడ్చింది. గుల్లల కోసం ఎవరూ అంతగా ఏడవరు.

మాస్టారు వచ్చారు. ఏడుపు చూసీ చూడనట్టు పంచె ఎగ్గట్టి తొట్టె పక్కన వంగారు. బురద సగానికి పైగా తోడేశారు. దానిమీద శుభ్రమైన నీళ్లు నెమ్మదిగా, బురద కదలకుండా పోశారు. బతికున్న గుల్లల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, కింద సగం బురదలో పైన సగం నీళ్లలో ఉండేలా నిలబెట్టారు. తర్వాత బకెట్టు బోర్లించుకుని కూర్చున్నారు. ఆమె కూడా కొంగు కప్పుకుని కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు తొట్టెలోకే చూశారు. చివరికి ఒక గుల్ల చిప్పల మధ్యనుంచి నాలుకలాంటి పాలిపోయిన కాలొకటి బయటికొచ్చింది. అది తడుముకుంటూ బురదలోకి దిగింది. ఇంకాసేపటికి పైకొస తెరుచుకుని నీళ్లు పీల్చడం మొదలుపెట్టింది.

“తిండి కింద ఉంది, ఊపిరి పైనుంది” అన్నారు మాస్టారు. “మొత్తంగా ఒకచోట పెట్టేసి చేతులు కడుక్కోవాలన్న తొందర మనదే.”

నూకరత్నానికి ఫ్లాటు నుంచి కళ్లం దాకా ఉన్న దారంతా కళ్ల ముందు కదిలింది. చేపలు ఆరబెట్టే పొద్దుటిపూట అక్కను ఆటోలో తీసుకెళ్లాలి. పొగ లేచేవేళకి వెనక్కి తీసుకురావాలి. మధ్యలో తన ఉద్యోగం. రోజూ ఎవరు తిప్పుతారు, తనే కదా అనుకుంది.

“ఇలా పెడితే ఎన్నాళ్లు బతుకుతాయి మాస్టారూ?”

ఆయన మోకాళ్లు పట్టుకుని, మూలిగి, లేచారు.

“నాకు తెలీదమ్మా. ఇవాళ కాలు దింపింది. రేపు పొద్దున మళ్లీ వచ్చి చూడాలి.”