గురివింద దాచిన కబురు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున మనుషులు కట్టిన ఎత్తైన కంచె. ఆ కంచె లోపల గురివింద అనే మూషిక జింక ఉండేది.

మూషిక జింక అంటే మీరు బొమ్మల్లో చూసే జింక కాదర్రా. కుందేలంతే ఉంటుంది. దానికి కొమ్ములుండవు. గోధుమరంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు, చారలు ఉంటాయి. కాళ్లయితే మీరు రాసుకునే పెన్సిలంత సన్నం. పాపం, దానికి తెలిసిన విద్య ఒక్కటే, కదలకుండా ఉండడం. తలుపు కిర్రుమన్నా భయమే, ఎండుటాకు రాలినా భయమే. భయం వేసిందంటే చాలు, ఆకుల్లో ఆకులా అణిగిపోతుంది.

ఒకప్పుడు ఆ అడవి నిండా మూషిక జింకలు తిరిగేవి. తర్వాత వలలు పట్టుకుని వేటగాళ్లు వచ్చారు. వాళ్ల వెంట కుక్కలు వచ్చాయి. చెట్లు పోయాయి. చివరికి రోజంతా వెతికినా ఒక్క జింక కనబడని కాలం వచ్చింది. అప్పుడు కొందరు మనుషులు మిగిలిన నాలుగు జింకల్నీ తెచ్చి ఈ కంచె లోపల పెట్టారు. వాటికి పిల్లలు పుట్టాలి, ఆ పిల్లలు పెరగాలి, మళ్లీ అడవి నిండాలి. అదీ వాళ్ల ఆశ.

అక్కడ నఫీసా అనే డాక్టరమ్మ ఉండేది. ఏ మగజింకకు ఏ ఆడజింకను జతచేయాలో, ఏది ఎప్పుడు ఈనుతుందో చూసుకోవడమే ఆమె పని. ఆమెకు తోడుగా బయ్యన్న ఉండేవాడు. అడవిలోనే పుట్టి పెరిగిన చెంచు పెద్దాయన. జింకలకు మేత వేసేదీ, గదులు ఊడ్చేదీ ఆయనే.

ప్రతి నెలా మూడు రోజులు బయ్యన్న ఒక్కో గదికీ వెళ్లి, జింకలు వేసిన పెంటికల్ని ఏరి తెల్లటి పళ్లెంలో పెట్టి డాక్టరమ్మకు ఇచ్చేవాడు. ఛీ అనకండి! కడుపులో పిల్ల పడితే తల్లి ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి. ఆ జాడ పెంటికల్లోనూ ఉంటుంది. డాక్టరమ్మ వాటిని పరీక్ష చేసి, ఏ జింక కడుపుతో ఉందో చెప్పేసేది. సూది గుచ్చనక్కర్లేదు, చేత్తో పట్టనక్కర్లేదు. మూషిక జింకను పట్టుకుంటే ఆ బెదురుకే దాని గుండె ఆగిపోవచ్చు మరి.

ఆ ఏడాది గురివింద మొదటిసారి కడుపుతో ఉంది. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలీదు. లోపల ఏదో బరువు కుదురుకుంటున్నట్టు దానికి మాత్రం తెలుస్తోంది. మేత తింటూనే ఆగి, లోపలి చప్పుడు వింటున్నట్టు నిలబడిపోయేది.

ఒకరోజు పైకప్పు జాలీ మీద గోరువంక వాలింది.

"అటు చూడు, ఆ తెల్లగోడల గది" అంది గోరువంక. "కడుపుతో ఉన్నవాళ్లను అక్కడికి తీసుకెళ్తారు. ఇప్పను తీసుకెళ్లారు. పొన్నను తీసుకెళ్లారు. వాకను తీసుకెళ్లారు. ముగ్గురిలో ఒక్కరైనా తిరిగొచ్చారా?"

"లోపల ఏం చేస్తారు?" అని అడిగింది గురివింద. దాని ముక్కు చల్లబడిపోయింది.

"నాకేం తెలుసు? తలుపు మూస్తారుగా! చూసింది చెప్పాను, అంతే" అని గోరువంక ఎగిరిపోయింది.

ఆ మాట గురివిందను నిద్ర పోనివ్వలేదు, తిననివ్వలేదు. చివరికి ఒకటి అనుకుంది. 'నా కబురు డాక్టరమ్మకు తెలియకూడదు.'

పెంటికలు ఏరే మొదటి రోజు అది పెంటికల్ని బురదలో తొక్కి ఆకులు కప్పింది. బయ్యన్న పుల్లతో కెలికి బయటికి తీశాడు. చీమలు పట్టి ఉన్నాయి. "ఇవి పనికిరావు బయ్యన్నా" అంది డాక్టరమ్మ.

రెండో రోజు నీళ్ల తొట్టిలో వేసింది. అవి కరిగిపోయాయి. డాక్టరమ్మ కంగారు పడింది. "దీనికి ఒంట్లో బాగోలేదేమో. రేపు కూడా దొరక్కపోతే పట్టుకుని చూడాల్సిందే."

పట్టుకుంటారా! గురివింద వణికిపోయింది.

పక్క గదిలో కుంకుడు అనే ముసలి జింక ఉండేది. కుంకుడు ఈనడం మానేసి చాలా ఏళ్లయింది. రెండు గదుల మధ్య జాలీ కింద పందికొక్కు తవ్విన కన్నం ఒకటి ఉంది.

"పెద్దమ్మా, నువ్వు నా గదిలోకి వచ్చి పెంటికలు వేసి వెళ్లు. నేను నీ గదిలో వేస్తాను. నా మూల నీది, నీ మూల నాది. ఒక్కరోజు!" అని బతిమాలింది గురివింద.

"అంటే డాక్టరమ్మను మోసం చెయ్యమంటావా పిల్లా?" అంది కుంకుడు.

"నా బిడ్డ కోసం పెద్దమ్మా."

కుంకుడు నిట్టూర్చి, ముందుకాళ్లు మడిచి, కన్నంలోంచి ఇటు దూరింది.

రెండు రోజుల తర్వాత ఆవరణంతా గోల. "ముసలి కుంకుడు కడుపుతో ఉంది!" అని డాక్టరమ్మ సంబరపడిపోయింది. ఆ సాయంత్రమే కుంకుడును తెల్లగోడల గదికి తీసుకెళ్లారు. మనుషులకు అలవాటుపడిన జింక కాబట్టి కుంకుడు బెదరలేదు. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి చూసింది, అంతే.

గురివింద కన్నం దగ్గరే నిలబడి అనుకుంది. 'నేను వెళ్లాల్సిన చోటికి పెద్దమ్మను పంపాను.'

ఒకరోజు గడిచింది. కుంకుడు రాలేదు. రెండు రోజులు. వారం. పక్క గదిలో ఖాళీ గడ్డి పరుపు వైపు చూసినప్పుడల్లా గురివింద మేత వదిలేసేది. గోరువంక వచ్చి వాలితే ముఖం తిప్పుకునేది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. బయ్యన్న కుంకుడును తెచ్చి దాని గదిలో దించాడు.

గురివింద కన్నం దగ్గరికి పరుగెత్తింది. "పెద్దమ్మా! బతికే ఉన్నావా! నిన్నేం చేశారు?"

"ఏం చేస్తారు? మేడిపళ్లు పెట్టారు" అంది కుంకుడు. "పొట్ట మీద చల్లటి జిగురు పూసి, యంత్రం పెట్టి చూశారు. లోపల పిల్ల లేదుగా!"

"మరి ఆ గది?"

"చీకటిగా, చల్లగా ఉంటుంది. చప్పుడే ఉండదు. ఇప్ప అక్కడే ఉంది, పిల్లకు పాలిస్తోంది. పొన్న తన పిల్లతో సహా అడవికి వెళ్లిపోయిందట. అందుకే ఇటు రాలేదు."

"వాక?"

కుంకుడు తల దించుకుంది. "వాక పోయింది తల్లీ. లోపల పిల్ల అడ్డం తిరిగింది. ఇప్ప కళ్లారా చూసిందట. డాక్టరమ్మ చెయ్యగలిగిందంతా చేసి, చివరికి బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చుని ఏడ్చిందట."

గురివింద కన్నానికి ఇంకా దగ్గరగా జరిగింది.

"డాక్టరమ్మది ఇప్పుడు కూడా ఏడుపు ముఖమే" అంది కుంకుడు. "పెంటికలు చూస్తే పిల్ల ఉందన్నాయి, యంత్రం చూస్తే లేదంది. 'నా పరీక్షే తప్పా? లేక పిల్ల పోయిందా?' అని తనలో తనే కుమిలిపోతోంది. నేను ఆమె కళ్లలోకి చూడలేకపోయాను. ఇంకో మాట విను. నీ కడుపులో పిల్ల లేదనుకుని, రేపు నిన్ను జీపులో అడవికి పంపుతున్నారు."

"అడవికా?" గురివింద చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"సంతోషపడకు. ఆ గుట్టల దారి నాకు తెలుసు. నన్ను ఇక్కడికి తెచ్చింది ఆ దారినే. అప్పుడు నా కడుపులోనూ పిల్ల ఉంది. పెట్టెలో ఆ కుదుపులకు పోయింది. అదే నా ఆఖరి చూలు."

తెల్లారింది. జీపు వచ్చి ఆగింది. మూడు చెక్కపెట్టెలు దింపారు. మొదటి పెట్టెలోకి ఒక మగజింక వెళ్లింది. రెండో పెట్టెలోకి ఇంకో మగజింక వెళ్లింది. మూడో పెట్టె గురివింద గది ముందు పెట్టారు. బయ్యన్న చేతిలో గోనెపట్టా. గుమ్మం దగ్గర డాక్టరమ్మ నిలబడి ఉంది. ఆమె కాళ్ల దగ్గర, కుంకుడుకు మళ్లీ పరీక్ష చేద్దామని తెచ్చిన తెల్ల పళ్లెం.

గురివింద ఆకుల్లో అణిగిపోయింది. 'కదలకు' అంది దాని ఒళ్లు. 'కదిలితే చస్తావు' అన్నాయి దాని కాళ్లు. పుట్టినప్పటి నుంచి ఆ మాటే వింది. ఆ మాట వినే ఇన్నాళ్లు బతికింది. కానీ కదలకపోతే ఆ గోనెపట్టా మీద పడుతుంది. పెట్టె మూత పడుతుంది.

లోపల పిల్ల ఉన్నచోట సన్నగా ఏదో మెదిలినట్టయింది.

గురివింద లేచి నిలబడింది. పట్టపగలు, ఇద్దరు మనుషుల ఎదురుగా, ఒక్కో అడుగే వేసుకుంటూ ఆకుల్లోంచి బయటికి వచ్చింది. బయ్యన్న పట్టా పట్టుకున్న చేతిని గాలిలోనే ఆపేశాడు. గురివింద తెల్ల పళ్లెం దాకా నడిచింది. పళ్లెంలో పెంటికలు వేసింది. పారిపోకుండా అక్కడే నిలబడింది.

జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. "మేడం, ఎండెక్కుతోంది. బయల్దేరాలి!"

గురివింద ఎగిరిపడింది. అయినా అక్కడే నిలబడింది.

"దీని పరీక్ష అయిపోయిందిగా బయ్యన్నా. కడుపు లేదని వచ్చింది" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

"నాకు పరీక్షలు తెలవదమ్మా" అన్నాడు బయ్యన్న. "జింక మాత్రం తెలుసు. ఇది నన్ను చూసి ఒక్కనాడూ బయటికి రాలేదు. ఈరోజు మీ కాళ్ల కాడికి వచ్చింది. ఊరికే రాదు. ఒక్కరోజు ఆపండమ్మా."

డాక్టరమ్మ గురివింద వైపు చూసింది. తర్వాత పక్క గదిలోంచి తొంగిచూస్తున్న కుంకుడు వైపు చూసింది. రెండు గదుల మధ్య జాలీ మీదుగా ఆమె చూపు కిందికి జారి, కన్నం దగ్గర ఆగింది. ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. కన్నం అంచున జాలీకి చిక్కుకున్న గోధుమరంగు వెంట్రుకల్ని వేళ్లతో తీసింది.

"ఇది ఎప్పటి నుంచి ఉంది?"

"చూసుకోలేదమ్మా" అన్నాడు బయ్యన్న, తప్పు చేసినవాడిలా.

"రెండు పెట్టెలు పంపించు. మూడోది వెనక్కి" అంది డాక్టరమ్మ. పళ్లెం తీసుకుని గబగబా వెళ్లిపోయింది.

ఆ పగలు గురివిందకు ఎంతకీ గడవలేదు. ఏం తేలుతుంది? నన్ను కోప్పడతారా? రేపు ఇంకో జీపు వస్తుందా? పొద్దు వాలేవేళకు డాక్టరమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

"పెంటికలు అబద్ధం చెప్పలేదు బయ్యన్నా! కడుపుతో ఉన్నది గురివింద!"

మర్నాడు గురివింద తన కాళ్ల మీద తనే నడిచి తెల్లగోడల గదిలోకి వెళ్లింది. భయం పోయిందనుకోకండి. భయపడుతూనే వెళ్లింది.

మూడు నెలలు గడిచాయి. ఒక వాన మధ్యాహ్నం దానికి నొప్పులు మొదలయ్యాయి. ఈనే రోజులు ఇవేనని డాక్టరమ్మకు ముందే తెలుసు కాబట్టి పొద్దున్నుంచీ కిటికీ చాటున కూర్చునే ఉంది. పిల్ల గడ్డి మీద పడింది. అరచేతిలో పట్టేంత పిల్ల. గురివింద నాకింది. పిల్ల కదల్లేదు. మళ్లీ నాకింది. కదల్లేదు. మూడోసారి మూతితో పొడిచింది. ఊపిరి లేదు.

తలుపు మెల్లగా తెరుచుకుంది. డాక్టరమ్మ లోపలికి వచ్చి చెయ్యి చాపింది. మూషిక జింక తన పిల్ల మీద మనిషి చెయ్యి పడనిస్తుందా? గురివింద వెనక్కాళ్లతో నేలను టపటపా తన్నింది. తర్వాత ఆగింది. ఒక అడుగు పక్కకు జరిగింది.

డాక్టరమ్మ మెత్తటి గుడ్డతో పిల్ల ముక్కులోని జిగురు తుడిచింది. తల కిందికి వంచి, వేళ్ల కొసలతో ఛాతీ మీద రుద్దింది. బయట వాన చప్పుడు.

పిల్ల తుమ్మింది.

డాక్టరమ్మ దాన్ని గడ్డి మీద తల్లి ముందు పెట్టి, వెనక్కి వెనక్కి నడిచి తలుపు చేరవేసింది. తడి ఆరని ఆ పిల్ల ఒకసారి లేచి పడింది. ఇంకోసారి లేచి పడింది. మూడోసారి అగ్గిపుల్లల్లాంటి నాలుగు కాళ్ల మీదా నిలబడి పాలకోసం తడుముకుంది.

నీతి: భయపడటం తప్పు కాదు, సాయం చేయగలవాళ్లకు కూడా తెలియకుండా ఆ భయాన్ని దాచుకుంటేనే ముప్పు.