ఆగిన కూత

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక మడుగు. ఎండాకాలంలో ఇంకెక్కడా నీటిచుక్క దొరకదు గానీ ఆ మడుగు మాత్రం ఎండదు. దానికి తూర్పున కొన్ని జంతువులు, పడమర కొన్ని జంతువులు ఉండేవి. ఏటా ఎండలు ముదిరాక రెండు వైపులవాళ్లూ ఇసుకలో గీత గీసి చెడుగుడు ఆడేవాళ్లు. ఆట అయ్యాక గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ కలిసి మడుగులో దిగి ఒళ్లు కడుక్కునేవాళ్లు.

తూర్పువాళ్లలో గట్టి ఆటగత్తె మెరిక అనే ముంగిస. ఆమె కూతకి వెళ్లిందంటే ఎదుటివాళ్లకి చెమటలు పట్టేవి.

ఆ ఏడు తూర్పువైపు కొండముచ్చు దండయ్యకి పెద్దరికం మీద మోజు పుట్టింది. మంచి పనులు చేసి పెద్ద కావచ్చు. అది కష్టం కదా! అందుకని చెట్టెక్కి అరవడం మొదలుపెట్టాడు.

"పడమటివాళ్లు మన నీళ్లన్నీ తాగేస్తున్నారు! ఈసారి ఆట గెలిచినవాళ్లదే మడుగు. ఓడినవాళ్లు ఇటు తొంగి చూడకూడదు!"

పడమటి పెద్ద, అడవిపంది కోరయ్యకి రోషం పొడుచుకొచ్చింది. "సరే, కానీ!" అన్నాడు. అంతే. నిన్నటిదాకా కలిసి ఈదిన పిల్లలు కూడా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం మానేశారు.

ఆట తేలేదాకా ఎవరూ మడుగు ముట్టకూడదు కాబట్టి ఆట రోజున మెరిక కూనలు దాహంతో రొప్పుతున్నాయి.

"అమ్మా, నువ్వు ఓడిపోతే మనకి నీళ్లుండవా?" అని అడిగింది చిన్నది.

 మెరిక దాని తల నిమిరి ఆటకి వెళ్లిపోయింది.

ఆట సరిసమానంగా సాగింది. చివరి కూత మెరికది. ఊపిరి తీసుకోకుండా "చెడుగుడు చెడుగుడు" అంటూనే ఉండాలి. మధ్యలో కూత ఆగితే ఓడినట్టే. మెరిక దుప్పిని తాకింది. ఉడుమునీ తాకింది. ఏదుపంది ముళ్లప్పనీ తాకి తిరిగొస్తుంటే నోట్లో దుమ్ము పడి కూత ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ అందుకుని గీత దాటేసింది.

దండయ్య మూక వాయించే డప్పుల మోతలో ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. తీర్పు చెప్పే తాబేలు తాతకీ వినబడలేదు. పక్కనే ఉన్న ముళ్లప్ప మాత్రం "తాతా, కూత ఆగింది" అన్నాడు.

ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. కూత మీద అనుమానం వస్తే కూతకి వెళ్లినవాళ్లనే ముమ్మారు అడగాలి. వాళ్లు చెప్పిందే తీర్పు.

"మెరికా, కూత ఆగిందా?" అని అడిగాడు తాత.

"ఆగలేదు!" అని తూర్పువాళ్లంతా గోల చేశారు.

"మిమ్మల్ని కాదు నేనడిగింది," అని తాత రెండోసారి అడిగాడు.

దండయ్య గబగబా చెట్టు దిగి ఆమె చెవిలో, "నీ కూనల్ని తలుచుకుని చెప్పు తల్లీ. ఆగలేదని ఒక్క మాట అంటే చాలు, మడుగు మనదే" అన్నాడు.

తాత మూడోసారి అడిగాడు. మెరిక ముళ్లప్ప వైపు చూసింది. అతను అరవడంలేదు, వాదించడంలేదు. ఆమె ఏం చెబితే అది ఒప్పుకుందామని నిలబడ్డాడు. ఇంతగా నమ్మినవాణ్ణి మోసం చేయడానికి ఆమెకి నోరు రాలేదు.

"ఆగింది తాతా," అంది.

"కొంప ముంచావు కదే!" అని దండయ్య నెత్తి బాదుకున్నాడు.

"మడుగు మాది! తూర్పువాళ్లు కదలండి!" అన్నాడు కోరయ్య. మెరిక కళ్లు తుడుచుకుంటూ ఇంటిదారి పట్టింది.

అప్పుడు ముళ్లప్ప ముళ్లు నిక్కబొడుచుకుని కోరయ్యకి అడ్డం నిలబడ్డాడు.

"పెద్దయ్యా, నిజం చెప్పి ఆమే మమ్మల్ని గెలిపించింది. ఆమె పిల్లల గొంతెండబెట్టి నేను నీళ్లు తాగలేను."

"మాటంటే మాటే!"

"ఆ మాట మీరిద్దరూ అనుకున్నారు. ఆడేవాళ్లని అడిగారా? వాళ్లకి నీళ్లు లేకపోతే నాకూ వద్దు. ఇకమీదట ఆటా వద్దు."

"నాకూ వద్దు," అంది దుప్పి. "నాకూ," అంది ఉడుము. చూస్తుండగానే పడమటివాళ్లందరూ అతని పక్కన చేరారు.

కోరయ్య బుర్ర గోక్కున్నాడు. "ఇంత మడుగు నేనొక్కణ్ణే ఏం చేసుకుంటాను? రండి, అందరూ రండి," అన్నాడు.

ముళ్లప్ప పరుగున వెళ్లి మెరికని వెనక్కి పిలుచుకొచ్చాడు. రెండు వైపుల పిల్లలూ ఒకేసారి నీళ్లలోకి దూకారు. వాళ్లందరికంటే ముందే నీళ్లలో మూతి పెట్టినవాడు ఎవరనుకున్నారు? దండయ్యే! అరిచి అరిచి గొంతు పిడచకట్టుకుపోయింది మరి. అతన్ని ఎవరూ వద్దనలేదు.

నీతి: ఆటలో గెలుపూ ఓటమీ గీత దగ్గరే ఆగిపోవాలి, పెద్దలు స్వార్థంతో దాన్ని పగగా మార్చినా, నిజాయితీగా ఆడేవాళ్లు మళ్లీ అందరినీ కలపగలరు.