భయంతో ఇచ్చిన అగ్రపూజ

పూర్వం వింధ్యకు దక్షిణాన మణిమంతమనే నగరాన్ని ధృతకీర్తి మహారాజు పాలించేవాడు. దిక్కులన్నిటా పేరున్నవాడే గాని, మారీజ్వరం నగరంలో ప్రవేశించిన ఏట, భార్యాబిడ్డలనూ మంత్రులనూ వెంటబెట్టుకుని అరణ్యదుర్గానికి తరలిపోయాడు. ఆయన అన్నగారి భార్య, వితంతువైన ఇందుప్రభాదేవి మాత్రం కదలక, కోట తలుపులు తెరిపించి, రోగులను అంతఃపురంలోనే పడుకోబెట్టి, రాజముద్ర తన చేతబట్టి నగరాన్ని నిలిపింది.

మారి శాంతించాక తిరిగివచ్చిన రాజు సిగ్గుపడి మహాయాగం తలపెట్టాడు. యాగాంతంలో, మానవులలో మహాకార్యం చేసినవారికి అగ్రపూజ చేయడం ఆ వంశాచారం. యజమాని అర్ఘ్యపాత్ర ఎత్తి, అగ్నిసాక్షిగా ఆ కార్యాన్నీ చేసినవారి పేరునూ తన నోటితో పలకాలి. అబద్ధం పలికితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అంతవరకు అంత సాహసం ఎవరూ చేయలేదు మరి!

ధృతకీర్తి పాత్ర ఎత్తి వదినగారి వైపు తిరిగేసరికి, ముల్లోకాలనూ గడగడలాడించిన ఉగ్రతపస్వి తామ్రాక్ష మహర్షి, జటలు విరబోసుకుని, శాపజలం అరచేతబట్టి, యాగశాల ద్వారంలో నిలిచి, "రాజా! నేనుండగా అగ్రపూజ మరొకరికా? ఆలోచించి పలుకు!" అని గర్జించాడు.

రాజు శాపానికి భయపడ్డాడు. పాత్రను మహర్షి వైపు తిప్పి, "మారిని తరిమినది మహర్షి తపోబలమే" అని పలికి, అర్ఘ్యం ఆయన పాదాలపై విడిచాడు. ఇందుప్రభ తల వంచుకుంది.

మరుక్షణం హోమాగ్ని నల్లబడింది. ఆ పొగలోంచి ఎర్రచీర కట్టిన మారీదేవి నడిచివచ్చి, రాజకుమారుడు సుధన్వుడి నుదుట చేయి వేసింది. పసివాడు ఒళ్లు కాలిపోతూ నేలకూలాడు.

"నన్ను తరిమినది ఈయనేనట గదా! మళ్లీ తరమమను" అంది దేవి, గొంతు పెంచకుండానే.

మహర్షి మంత్రం మొదలుపెట్టాడు. నాలుక తిరగలేదు. కమండలం చేజారింది. "తల్లీ! ఆ ఏడు నేను హిమవంతపు గుహలో దాక్కున్నాను. నీ పేరు వింటేనే నాకు వణుకు" అని సాగిలపడ్డాడు.

రాజు ఇందుప్రభ కాళ్లమీద పడ్డాడు. "వదినా! అబద్ధమాడాను. దేవిని తరిమినది నువ్వే. నా బిడ్డను కాపాడు!"

"నేను తరమలేదు నాయనా. ఆ తల్లి కొందరిని తీసుకుపోయింది, కొందరిని విడిచింది. నేను ఎవరినీ ఒంటరిగా వదల్లేదు, అంతే. ముందు వీణ్ణి నీ ఒళ్లోకి తీసుకో."

మారి సోకినవాణ్ణి తాకడమా! రాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. కన్నతండ్రి అయ్యుండీ భయపడ్డాడు. "నాన్నా..." అని పిల్లవాడు మూలిగాడు. ఆ మాటతో రాజు నేలపై చతికిలబడి, బిడ్డను గుండెకు హత్తుకున్నాడు. దేవి చేయి తన తలమీదికి దిగుతున్నట్టు తెలుస్తున్నా, కళ్లు గట్టిగా మూసుకున్నాడే గాని పట్టు విడవలేదు.

మారీదేవి అది చూసి చేయి వెనక్కి తీసుకుంది. బిడ్డకు చెమట పట్టి జ్వరం దిగింది. "నీది కాని పొగడ్త పుచ్చుకోనిదానివి, వరం కోరుకో" అంది ఇందుప్రభతో.

"రోగి పక్కన కూర్చున్నవారి జోలికి రాకమ్మా."

"తథాస్తు" అని దేవి అంతర్ధానమైంది. అగ్ని మళ్లీ ప్రజ్వరిల్లింది. తామ్రాక్షుడు నీళ్లు పోయగా రాజు వదినగారి పాదాలు కడిగి, "నేను పారిపోయాను. ఈమె నిలిచింది" అని సభంతా వినేలా పలికాడు.

ఈ కథ విన్నవారికి మునిశాపాల భయం తీరుతుందో లేదో నేను చెప్పలేను గాని, జ్వరంతో ఉన్న బిడ్డ నుదుట వేసే చేయి మాత్రం వణకదు.